ఎడిటింగ్ రూమూ, క్లాసు రూమూ

మా బాబాయి కోడంబాకంలో ఎడిటింగ్ అసిస్టెంటుగా చేరాడు. తెలుగు సినిమా హైదరాబాదుకి మకాం మార్చినప్పుడు దాని వెంటే వచ్చాడు. ఫిల్ము పోయి కంప్యూటర్ వచ్చాక కూడా కొన్నాళ్లు పనిచేసి మానుకున్నాడు. మా చెల్లెలు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిషు చెబుతుంది. ఈ ఏడాది సినిమా మీద కొత్తగా పెట్టిన పేపరు కూడా ఆమె నెత్తినే పడింది. పిల్లల కోసం సినిమా పదాలకు అర్థాలు రాసి చిన్న పుస్తకం తయారుచేసి, ప్రింటుకిచ్చే ముందు ఒకసారి చూడమని బాబాయికిచ్చింది. ఆయన ఫిల్ము మీద గుర్తులు పెట్టే గ్రీస్ పెన్సిల్ ఎక్కడో వెతికి తీసి, పేజీలకు పేజీలు అడ్డంగా కొట్టేసి తిరిగిచ్చాడు. తర్వాత జరిగిన వాదన ఇది. నేను వింటూ కూర్చున్నవాణ్ని. నా మొగ్గు ఎటో మధ్యమధ్య బయటపడితే పాఠకులు క్షమించాలి.

బాబాయి: ‘యాంగిల్’ దగ్గర మొదలుపెట్టి ‘జూమ్’ దగ్గర ముగించావు. ఎవరైనా అక్షరక్రమంలో సినిమా తీస్తారటే?

చెల్లెలు: పరీక్షల ముందు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని అలా పెట్టాను బాబాయ్.

బాబాయి: అదిగో, వెతుక్కోవడానికి. చూడ్డానికి కాదు. నేను చేరిన కొత్తలో నాకెవరూ పదాలు చెప్పలేదు. ల్యాబ్ నుంచి రష్ ప్రింటు వచ్చేది, దాని సౌండు వేరే మాగ్నెటిక్ టేపు మీద వచ్చేది. రెండింటినీ కలపడం నా పని. బొమ్మలో క్లాపు బోర్డు చెక్క సరిగ్గా మూతపడ్డ ఫ్రేము పట్టుకుని దాని మీద పెన్సిలుతో ఓ గుర్తు. సౌండు టేపుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతుంటే ఒకచోట ‘టక్’మంటుంది, అక్కడో గుర్తు. రెండు గుర్తులూ ఎదురెదురు పెట్టి తిప్పితే మనిషి నోరూ మాటా కలుస్తాయి. సెకనుకి 24 ఫ్రేములు కదా, అందులో మూడు నాలుగు తప్పితే చాలు, మాట మనిషిది కాకుండా పోతుంది. ‘సింక్’ అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. నీ పుస్తకంలో దానికి రెండు లైన్లు రాశావు. ఆ రెండు లైన్లు బట్టీ పట్టినవాడికి ఏం తెలిసినట్టు?

చెల్లెలు: మీ ఎడిటింగ్ రూములో ఎంతమంది పట్టేవాళ్లు?

బాబాయి: నలుగురు. అయిదోవాడొస్తే కోసిన ఫిల్ము ముక్కలు వేసే ట్రిమ్ముల బుట్ట వరండాలో పెట్టాలి.

చెల్లెలు: నా క్లాసులో అరవై మంది. వాళ్లలో ఒక్కరు కూడా ఎడిటరు కాకపోవచ్చు. కానీ అందరూ సినిమా చూస్తారు, చూసింది రాత్రి పదకొండింటి దాకా మాట్లాడుకుంటారు. ఆ మాట్లాడుకోవడంలో ‘బాగుంది’, ‘బాగాలేదు’, ‘ఓకే’... ఇంతకు మించి లేదు. మీ బుట్ట దగ్గరికి రాలేనివాళ్లకి ఏం దారి చూపిస్తారు?

బాబాయి: దారి వద్దనడం లేదు. నువ్వు చూపించేది తప్పుదారి అంటున్నాను. ఇదిగో, పన్నెండో పేజీ. ‘లో యాంగిల్: పాత్ర బలాన్నీ ఆధిపత్యాన్నీ సూచిస్తుంది.’ కొట్టేశాను. హీరో కారు దిగుతుంటే బూటు దగ్గర కెమెరా పెడితే ఆధిపత్యమే, కాదనను. అదే కెమెరా కమెడియన్ బూటు దగ్గర పెట్టి చూడు, హాలంతా నవ్వుతుంది. ఇక జపాన్ ఆయన ఓజు సంగతేమిటి? కెమెరాని నేలకి దించి కూర్చోబెట్టి తీసేవాడు. ‘టోక్యో స్టోరీ’, 1953. ఆ ముసలి మొగుడూపెళ్లాలకి ఏం ఆధిపత్యముందమ్మా? పిల్లల్ని చూద్దామని పట్నమొస్తే తీరిక లేదని వాళ్లని బీచి ఊరికి పంపేస్తారు పిల్లలు.

చెల్లెలు: ఆ వాక్యం పోనివ్వండి, నాకూ సిగ్గుగానే ఉంది. పరీక్ష పేపర్లలో అదే అడుగుతారని రాశాను. కానీ ఓజు సంగతిలో మీరు రెండు వేర్వేరు విషయాలు కలిపేశారు. ఓజు కెమెరా కిందుంటుంది గానీ పైకి చూడదు. చాప మీద కూర్చున్నవాళ్ల ఎత్తుకో, ఇంకాస్త కిందకో దిగి, తిన్నగా ఎదురుగా చూస్తుంది. మీ బూటు షాటు కింద నుంచి మెడ ఎత్తి చూస్తుంది. కెమెరా ఎత్తు వేరు, కెమెరా కోణం వేరు. ఇంత అనుభవమున్న మీరే రెండింటినీ ‘లో’ అనేశారు. రెండు మాటలుంటేనే ఆ తేడా కనబడేది.

(బాబాయి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ఆయన ఒప్పుకున్నప్పుడు చేసే పని అదే. నోటితో మాత్రం ఒప్పుకోడు.)

బాబాయి: కెమెరామన్‌కి ఆ పాఠం అక్కర్లేదు. స్టాండు దించమంటే దించుతాడు, టిల్టప్ అంటే ఎత్తుతాడు.

చెల్లెలు: టిల్టప్ కూడా మాటే కదా బాబాయ్. మీకు పుస్తకంలోని మాటలతోనే పేచీ. సెట్టు మీది మాటలైతే మాటల్లాగే అనిపించవు.

బాబాయి: పేచీయే. ‘ఓవర్ ది షోల్డర్’ అని రాశావు. మన ఫ్లోర్లో ఆ మాటంటే ఎవడూ కదలడు. ‘సజెషన్’ అనాలి. ‘డాలీ’ అన్నావు, ఇక్కడ ట్రాలీ. ‘బ్యాక్‌గ్రౌండ్ స్కోర్’ అన్నావు, మాకది ఆర్.ఆర్. లైట్ల పేజీలో వాట్లు రాశావు, సరే. లైట్‌మన్ దగ్గరకెళ్లి ‘ఒక కిలోవాటు లైటివ్వు’ అంటే ఇస్తాడా? బేబీ అనాలి. రెండు కిలోవాట్లది జూనియర్, అయిదుది సీనియర్. నీ పిల్లలు రేపు సినిమా పనికి కృష్ణానగర్ వచ్చి నీ మాటలు మాట్లాడితే వెయిట్ చేయమని చెట్టు కింద కూర్చోబెడతారు.

చెల్లెలు: సెట్టు మాటలు పక్కనే చేరుస్తాను, ఇందులో వాదన లేదు. కానీ బేబీ, జూనియర్, సీనియర్ అన్నవి లైటు సైజు చెబుతాయి. ఆ లైటు మొహం మీద ఏం చేస్తుందో చెప్పవు. ‘మాయాబజార్’లో పడవ పాట వెన్నెల గురించి మన ఇంట్లో మూడు తరాలుగా మాట్లాడుకుంటున్నాం. మార్కస్ బార్ట్‌లీ వెన్నెల అని దానికి పేరే పడిపోయింది. ఎక్కువ భాగం స్టూడియోలో సృష్టించిన వెన్నెల అది. అమ్మమ్మని అడిగితే ‘చల్లగా ఉంది’ అనేది. అంతకంటే గొప్ప విమర్శ నేను రాయలేను, ఒప్పుకుంటాను. కానీ ఆ చల్లదనం ఎక్కణ్నుంచి వచ్చింది? అసలు వెలుగు ఏ పక్క నుంచి పడుతోంది, నీడల్ని ఎంతవరకు నింపారు, జుట్టు అంచున ఆ మెరుపు వెనకనుంచి పెట్టిన లైటుదేనా? కీ, ఫిల్, బ్యాక్. మూడంటే మూడు మాటలు. అవి తెలిసిన పిల్ల పాట ఆపి ఆపి చూస్తుంది. తెలియని పిల్ల పాట పాడుకుంటూ పోతుంది.

బాబాయి: పాట పాడుకుంటూ పోవడానికే తీశారు దాన్ని!

(ఇది నాకూ నచ్చిన జవాబు. కానీ చెల్లెలు వదల్లేదు.)

చెల్లెలు: తీసినవాళ్లు మాత్రం పాడుకుంటూ పోలేదుగా.

బాబాయి: సరే, కీ-ఫిల్-బ్యాక్ ఉంచు. ఈ ‘మిజాన్‌సెన్’ ఎందుకు? నోరు తిరగదు, ఫ్లోర్లో ఎవరూ అనరు.

చెల్లెలు: ఎందుకనరో చెప్పమంటారా? గోడ రంగు ఆర్ట్ డైరెక్టర్ది. చీర కాస్ట్యూమ్స్ వాళ్లది. వెలుగు కెమెరామన్‌ది. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడాలా తలుపు దగ్గరా అన్నది డైరెక్టర్ది. ఎవరి ముక్కకి వాళ్ల మాట ఉంది. అన్నీ కలిసి ఒక ఫ్రేములో కనబడినప్పుడు ఆ మొత్తానికి మాట లేదు. ఆ మొత్తం పేరే అది.

బాబాయి: ఆ మొత్తానికి మాకూ పేరుంది. డైరెక్టర్.

చెల్లెలు: అబ్బా! బాగానే అన్నారు. కానీ డైరెక్టర్ని చూడనివాడు, పేరైనా తెలియనివాడు తెర మీద ఉన్నదాన్ని బట్టి ఏం మాట్లాడాలి? విమర్శకుడికి మనిషి దొరకడు, ఫ్రేమే దొరుకుతుంది.

బాబాయి: నిన్నొకటి అడుగుతాను. ‘షాట్’ అంటే ఏం రాశావు?

చెల్లెలు: ఒక కట్ నుంచి ఇంకో కట్ దాకా ఆగకుండా సాగే బొమ్మ.

బాబాయి: అది నా షాటు. కెమెరామన్ షాటు వేరు. ‘స్టార్ట్’ అన్న దగ్గర్నుంచి ‘కట్’ అనేదాకా కెమెరాలో పడిందంతా అతనికి షాటు. అందులోంచి నేను నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల వాడితే తెర మీద నాలుగు షాట్లు. ఈ సంగతి నీ రెండు లైన్లలో ఉందా? ఇంకా ఉంది. 35 ఎమ్.ఎమ్. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు. కెమెరాకి ఎక్కించే పెద్ద డబ్బా వెయ్యి అడుగులు. మరి ఎంత తీసినా ఒక షాటు ఎన్ని నిమిషాలు?

చెల్లెలు: పదకొండు.

బాబాయి: కదా! హిచ్‌కాక్ 1948లో ‘రోప్’ తీశాడు. సినిమా అంతా ఒకటే షాటులా కనబడాలని ఆయన పంతం. డబ్బా అయిపోయే వేళకి కొన్నిచోట్ల కెమెరా పోయి ఒకడి కోటు వీపు మీద ఆగుతుంది, తెర నల్లబడుతుంది, కొత్త డబ్బా అదే వీపు మీద మొదలవుతుంది. ‘లాంగ్ టేక్’ అని నువ్వు రాసిన మాట వెనక ఒక రేకు డబ్బా ఉందే అమ్మడూ. నీ పుస్తకంలో అది లేదు. మాటలన్నీ గాల్లోంచి ఊడిపడినట్టు రాశావు. ఇవాళ మెమరీ కార్డు మీద గంటలు గంటలు తీయొచ్చు. మరి ఇవాళ లాంగ్ టేక్‌కి ఏం అర్థం?

చెల్లెలు: ఆపక్కర్లేని రోజున ఆపకపోవడం గొప్పేమీ కాదు. ఆపగలిగి కూడా ఎందుకు ఆపలేదన్నదే ప్రశ్న అవుతుంది... ఇది రాసుకుంటాను, ఆగండి.

(రాసుకుంది. బాబాయి ముఖంలో వెలుగు చూడాల్సిందే, కీ లైటూ ఫిల్ లైటూ రెండూనూ.)

బాబాయి: రాసుకునేటప్పుడు ఇంకోటి కూడా రాసుకో. నీ పిల్లలు ఖాళీ బుర్రలతో రారు. ఎలివేషన్, ఎంట్రీ, ఇంటర్వెల్ బ్యాంగ్, లాగ్, ట్విస్టు, కామెడీ ట్రాక్, ప్రీ క్లైమాక్స్... సోడా బండి దగ్గర నిలబడే కుర్రాడికి కూడా ఈ మాటలొచ్చు. మార్నింగ్ షో చూసి బయటికొచ్చి ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగ్’ అంటాడు. నిర్మాత గుండె జారేది ఆ మాటకే. వీటిలో ఒక్కటీ నీ పుస్తకంలో లేదేం?

చెల్లెలు: అవి పబ్లిక్ టాక్ మాటలు. ఒక్కొక్కరు ఒక్కో అర్థంతో వాడతారు. ‘లాగ్’ అంటే ఏమిటో ఎవరైనా కచ్చితంగా చెప్పగలరా?

బాబాయి: నేను చెప్తాను. ప్రివ్యూ చూసినవాళ్లు ‘తొమ్మిదో రీల్లో లాగుందండీ’ అంటే, కొత్త ఎడిటరు వెళ్లి తొమ్మిదో రీలు కోస్తాడు. కోసినా లాగ్ పోదు. ఎందుకంటే రోగం ఏడో రీల్లో ఉంది. చెల్లెలి పెళ్లికి డబ్బు లేదని ఏడో రీల్లోనే ప్రేక్షకుడికి తెలిసిపోయింది. తొమ్మిదిలో తల్లి మళ్లీ అదే చెప్పి ఏడుస్తోంది. షాట్లు పొడుగై కాదు విసుగు పుట్టింది, తెలిసిందే మళ్లీ చెప్పినందుకు. రెండింట్లో ఒకటి తీసేయాలి. చాలాసార్లు తీయాల్సింది ఏడోదే. ఏడుపు సీను ఉంచితే ఆర్టిస్టుకీ తృప్తి. నిమిషం షాటుని అలాగే ఉంచినా అప్పుడు లాగుండదు. ‘పేస్’ అని నువ్వు రాసిన పేరా కంటే మా కుర్రాడి ‘లాగ్’ గట్టిది. మీ వాళ్లు దాన్ని విప్పి చూడలేదు, అంతే.

చెల్లెలు: విప్పి చూసినవాళ్లున్నారు. లలితా గోపాలన్ అని ఒకావిడ 2002లో ‘సినిమా ఆఫ్ ఇంటరప్షన్స్’ అని పుస్తకమే రాశారు. పాటలు, ఇంటర్వెల్, సెన్సారు, ఇవి మన సినిమాకి అడ్డంకులు కావు, మన సినిమా కట్టడమే వీటి చుట్టూ అని ఆవిడ వాదన. ఇంటర్వెల్ దగ్గర కథ ఎక్కడ తెంపుతారు, తర్వాత దాన్ని ఎలా ఎత్తుకుంటారు అన్నదాని మీద శ్రద్ధగా రాశారు. ఎస్.వి. శ్రీనివాస్ గారు చిరంజీవి సినిమాల మీద, అభిమానుల మీద రాసిన పుస్తకముంది. ‘ఎలివేషన్’ని నవ్వి వదిలేసే రోజులు పోయాయి.

బాబాయి: ఇంటర్వెల్ మీద అంత రాశారా? మరి నీ పుస్తకంలో ‘ఐ’ అక్షరం కింద ఐరిస్ ఉంది, ఇంటర్వెల్ లేదేం?

(మా చెల్లెలికి జవాబు దొరకని సందర్భాలు నేను చూసినవి తక్కువ. నా ఉద్దేశంలో ఈ వాదనంతటిలో బాబాయి కొట్టిన గట్టి దెబ్బ ఇదే. వేరే దేశపు సినిమా కోసం తయారైన పట్టికను మనం అలాగే దించుకుంటే, మన హాల్లో పదిహేను నిమిషాలు లైట్లు వెలిగే సంగతి అందులో కనబడదు.)

చెల్లెలు: పెడతాను. లాగ్ కూడా పెడతాను. కానీ బాబాయ్, పని చేస్తే మాటలు వాటంతటవే వస్తాయంటారే, ఆ సంగతి ఒప్పుకోను. మీరు రియాక్షన్ షాట్లు అతికించేవాళ్లమని చెప్పేవారు, గుర్తుందా?

బాబాయి: ఎందుకు లేదు! హీరోయిన్ తండ్రి పాత్రధారికి డేట్లు అయిపోయాయి. కూతురు లేచిపోయిందన్న కబురు వింటున్న క్లోజప్ లేదు. ఎక్కడో భోజనం సీన్లో ఉప్పెక్కువైందని ఆయన తలెత్తి చూసే బిట్టుంది. అది తెచ్చి పెట్టాం. ఆడియెన్సుకి కళ్లనీళ్లు. ఉప్పు సంగతి మాకే తెలుసు.

చెల్లెలు: రష్యాలో కులెషోవ్ చేసిందిదే. విప్లవం తర్వాత అక్కడ ముడి ఫిల్ముకి కరువు. పాత సినిమాలో మొజూఖిన్ అనే నటుడి క్లోజప్ ఒకటి తీసుకుని, దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటికలో ఆడమనిషి, ఒకసారి ఆడుకుంటున్న చిన్నపిల్ల బొమ్మ అతికించారు. మొహం ఒకటే. చూసినవాళ్లు ఆకలి అద్భుతంగా చూపించాడన్నారు, దుఃఖం అద్భుతంగా చూపించాడన్నారు. ఆ ముక్క ఇప్పుడు లేదు, పుడోవ్‌కిన్ రాయబట్టి లోకానికి తెలిసింది. మీకు అది అవసరానికి చేసిన గట్టెక్కే పని. అక్కడ దానికి పేరు పడింది గనక అది పద్ధతయింది. పేరు లేక మీరు చేసింది మీ రూములో నలుగురికే మిగిలింది.

బాబాయి: మేం చేసినదానికి పేరు పెట్టి ఉంటే ఆ నటుడు కోర్టుకి పోయేవాడు!

చెల్లెలు: తప్పించుకోకండి.

బాబాయి: తప్పించుకోవడం కాదే. అతను చేసి చూపించాడు, ఆ తర్వాత ఐజెన్‌స్టైన్ వచ్చాడు, 1925లో ‘పొటెమ్‌కిన్’లో ఆ మెట్ల మీద జనాన్ని ముక్కలు ముక్కలు చేసి నిలబెట్టాడు. గొప్పవాళ్లే. కానీ నువ్వు ‘మాంటేజ్’ కింద వాళ్ల సిద్ధాంతం రాసి ఊరుకున్నావు. మన దగ్గర మాంటేజ్ సాంగ్ అంటే ఏమిటి? పెదాలు కదలకుండా, పాట వెనకాల సాగుతుంటే ముందు బిట్లు బిట్లుగా ప్రేమ పెరిగిపోవడం. ఫ్రాన్సులో మాంటేజ్ అంటే ఉత్త ఎడిటింగే. నీ పిల్లాడు రష్యా అర్థం నేర్చుకుని మన పాట చూసి ఇందులో సంఘర్షణ ఏదీ అని వెతికితే?

చెల్లెలు: మూడు అర్థాలూ రాస్తాను. అలా వెతికినా నష్టం లేదు, మన పాటలో సంఘర్షణ ఎందుకు లేదో తేలుతుంది.

బాబాయి: నువ్వు లాయరువి కావాల్సింది. సరే, ఇది చెప్పు. ‘పథేర్ పాంచాలీ’ పిల్లలకి చూపిస్తున్నావా?

చెల్లెలు: మూడో వారం.

బాబాయి: అందులో తండ్రి తిరిగొచ్చే సీను. కూతురు దుర్గ పోయింది, ఆయనకి తెలియదు. ఊరినుంచి తెచ్చిన సామాను ఒక్కోటీ తీసి చూపిస్తుంటాడు. కూతురికి చీర తెచ్చానని ఇస్తాడు. ఆ తల్లి దాన్ని పట్టుకుని అప్పటిదాకా బిగబట్టింది ఒక్కసారి బద్దలైపోతుంది. నోరు తెరుస్తుంది. ఏడుపు వినబడదు. వాద్యం లేస్తుంది. దాన్ని చూసి నేను ఎడిటర్ని, ఇందులో ఏ కట్టు ఎక్కడుందో నాకు తెలియాలి అనుకున్నాను. ఒక్క కట్టూ చూడలేదు. ఇప్పుడు నువ్వు క్లాసులో నిలబడి ‘డయజెటిక్, నాన్ డయజెటిక్’ అని బోర్డు మీద రాస్తావు. ఆ తల్లి ఏడుపు నోటి దగ్గరే ఆగిపోయింది తల్లీ, దాని మీద సుద్దముక్కతో గీతలు గీస్తావా?

చెల్లెలు: గీస్తాను. కోపగించుకోకుండా వినండి. కథలో మనుషులకి వినబడే శబ్దం ఒకటి, మనకి మాత్రమే వినబడే శబ్దం ఇంకొకటి. తలుపు చప్పుడు, వాన, మాట, ఏడుపు మొదటి రకం. రవిశంకర్ సంగీతం రెండో రకం. సినిమా అంతా ఈ రెండూ దేని దారిన అది నడుస్తున్నాయి. ఆ ఒక్క చోట సత్యజిత్ రాయ్ ఏం చేశాడు? మొదటి రకంలోంచి ఏడుపు తీసేశాడు. ఆ ఖాళీలో రెండో రకాన్ని నిలబెట్టాడు. ఆ వాద్యం తార్ షెహనాయి. పేరులో షెహనాయి ఉందని ఊదేది అనుకుంటారు గానీ అది కమానుతో వాయించే తీగ వాద్యం. మనిషి గొంతు పగిలినట్టుగానే ఉంటుంది దాని పై స్థాయి. అయితే భర్తకి ఏం వినబడింది? అతను ఆమె ఏడుపు విన్నాడు, అందుకే సంగతి అర్థమైంది అతనికి. మనకి మాత్రం వాద్యం. అతను విన్నది మనకి దొరకలేదు. మనం విన్నది అతనికి తెలియదు. ఒకే చోట అతనూ మనమూ వేర్వేరు శబ్దాలు వింటున్నాం. ఆ రెండు అరలూ తెలియకపోతే, ఒక అరలోది తీసి ఇంకో అరలో పెట్టారని ఎలా తెలుస్తుంది?

బాబాయి: తెలియకుండానే నేను ఏడ్చాను.

చెల్లెలు: నేనూ తెలియకుండానే ఏడ్చాను. అలా ఏడ్చిన తర్వాతే అడుగుతున్నాను, ఏం చేసి ఏడిపించావయ్యా అని. నేను పూణేలో చేసిన వేసవి సినిమా కోర్సులో ఆ సీను శబ్దంతో ఒకసారి, శబ్దం లేకుండా ఒకసారి వేశారు. రెండోసారి చూస్తే ఆమె ఏడుపు వికారంగా ఉంది. నిజమైన ఏడుపు అలాగే ఉంటుంది. ఆ వికారం మొహంలో ఉంచి, దాన్ని చెవికి రానివ్వకుండా కాచారు. ‘డయజెటిక్’ అన్న మాట నాకు ముందు తెలిసినా, దాని అవసరం ఆ రోజే తెలిసింది.

(బాబాయి చాలాసేపు పుస్తకం తిరగేశాడు. తర్వాత అన్న మాట నేను ఊహించలేదు.)

బాబాయి: అయితే నువ్వు నా మాటే అంటున్నావు. సింక్ నాకు ఆ ‘టక్’ దగ్గర తెలిసిందన్నాను. నీకిది ఆ సీను దగ్గర తెలిసింది. మరి పుస్తకంలో మాట ముందు పెట్టి, అర్థం తర్వాత పెట్టి, ‘ఉదాహరణ: పథేర్ పాంచాలీ, 1955’ అని చివర్లో చిన్న అక్షరాల్లో ఎందుకు పడేశావు?

చెల్లెలు: పదకోశం అలాగే కదా రాస్తారు.

బాబాయి: అందుకే కొట్టేశాను. సీను ముందు వెయ్యి. పిల్లలు తికమకపడాలి. ‘సార్, ఇక్కడేదో అయింది, ఏమిటది’ అని వాళ్లు అడగాలి. అప్పుడు మాటివ్వు.

చెల్లెలు: ‘సార్’ కాదు, ‘మేడమ్’. అయినా అలా అరవై మందీ ఒకేసారి అడిగేదాకా ఆగితే సెమిస్టరు దాటిపోతుంది. కొందరికి మాట ముందు అందితేనే కన్ను తెరుచుకుంటుంది. గొదార్ ‘బ్రెత్‌లెస్’ చూపిస్తే జంప్ కట్ సంగతి ముందు చెప్పకపోతే మా వాళ్లు ప్రింటు అరిగిపోయిందనుకుంటారు.

బాబాయి: 1960లో చూసినవాళ్లలోనూ అలా అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. అనుకోనీ. కారులో హీరోయిన్ కూర్చున్న చోటే కూర్చుని ఉంటుంది, వెనక రోడ్డు మారిపోతూ ఉంటుంది. నిడివి తగ్గించడానికి మధ్యలో మధ్యలో తీసేశారంటారు. నేనలా కోసి చూపిస్తే మా నిర్మాత నా జీతం కోసేవాడు. తప్పులా కనబడాలి ముందు. తప్పు కాదేమో అని తర్వాత అనుమానం రావాలి. నువ్వు ముందే ‘జంప్ కట్’ అని పేరు చెప్పేస్తే వాడికి అనుమానమే రాదు, టిక్కు పెట్టుకుని కూర్చుంటాడు.

చెల్లెలు: టిక్కు పెట్టుకునేవాళ్లు ఎలా చెప్పినా పెట్టుకుంటారు.

బాబాయి: అందులో నిజముంది. సరే, మొదటి క్లాసు ఏం చేస్తావు?

చెల్లెలు: ఫ్రేము, షాటు, సీను, సీక్వెన్సు. చిన్నదాన్నుంచి పెద్దదానికి.

బాబాయి: వద్దు. మొదటి రోజు ఒక్కటే మాట, ‘కట్’. ఏదైనా మామూలు సీను తీసుకో, ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునేది. సౌండు ఆపేసి వెయ్యి. కట్ పడినప్పుడల్లా చప్పట్లు కొట్టమను. అరవై మందీ ఒకేసారి కొట్టరు చూడు. కొన్ని కట్లకి సగం మందే కొడతారు. కొన్నిటికి ఒక్కరూ కొట్టరు. కొట్టని కట్టు దగ్గర ఆపి వెనక్కి తిప్పి చూపించు. ‘ఇక్కడ కట్టుందా!’ అంటారు. ఆమె తల తిప్పుతుండగా కోసి, తిప్పిన తల మీద ఇంకో షాటు ఎత్తుకుని ఉంటాడు మావాడెవడో. కదలిక మీద కోస్తే కన్ను దాటిపోతుంది.

చెల్లెలు: ‘మ్యాచ్ ఆన్ యాక్షన్’.

బాబాయి: పేరు రెండో రోజు!

చెల్లెలు: అదే గంటలో, చివర్లో. అంతకంటే ఆగలేను. ఏ సీను వెయ్యమంటారు? ‘మిస్సమ్మ’లో ఏదైనా?

బాబాయి: పాత సినిమా వద్దు, కట్లు తక్కువ, నిద్రపోతారు. నిన్నగాక మొన్నొచ్చింది వెయ్యి.

చెల్లెలు: కొత్తవాటిలో కట్లు మరీ ఎక్కువ బాబాయ్. చేతులు నొప్పెడతాయి. అయినా చప్పట్లంటే పక్క క్లాసు మేడమ్ ఊరుకోరు, ఆవిడ అకౌంట్స్ చెబుతుంటారు.

బాబాయి: అయితే బల్ల మీద వేలితో కొట్టమను. ముందు ఆ పన్నెండో పేజీ చింపెయ్.